సోరియాసిస్‌కు కాంతి వైద్యం: రోగనిరోధక శక్తి మీద దాని పని

సోరియాసిస్ కంటికి కనబడేది చర్మం మీద. పుట్టేది మాత్రం శరీరపు రోగనిరోధక వ్యవస్థలో. మోచేతులు, మోకాళ్లు, నడుము కింది భాగం, తల మాడు, ఈ చోట్ల దళసరిగా లేచి పైన వెండి రంగు పొట్టు కట్టే మచ్చలు దాని గుర్తు. తెల్లటి ఒంటి మీద ఆ మచ్చ ఎర్రగా ఉంటుంది. నల్లటి ఒంటి మీద ఎరుపు అంతగా తెలియదు, ఊదా రంగులోనో ముదురు గోధుమ రంగులోనో అగుపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో అడుగు పొరలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఆ ప్రయాణమంతా మూడు నుంచి ఐదు రోజుల్లో ముగిసిపోతుంది. పక్వానికి రాకుండానే పైకి చేరిన కణాలు ఒకదానికొకటి అంటుకుని పొలుసులై రాలుతుంటాయి. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా మరొకరికి రాదు.

కర్నూలు జిల్లా హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లోనూ, తెలుగునాట ఇంకా చాలా చోట్ల లాగే, ఈ మచ్చను తామర అనుకుని మందుల షాపులో ట్యూబు కొని రాసుకునేవారు తక్కువేమీ కాదు. అలాంటి ట్యూబుల్లో తరచుగా ఉండేది గాఢమైన స్టీరాయిడ్. రాసినన్నాళ్లు మచ్చ అణిగి ఉంటుంది, మానగానే తిరగబెడుతుంది. స్టీరాయిడ్ మాత్రలో సూదిమందులో వాడి ఒక్కసారిగా ఆపేస్తే, ఒళ్లంతా చీము పొక్కులు లేచే తీవ్రమైన రూపంలోకి జబ్బు మారే ప్రమాదం కూడా ఉంది. మరోపక్క ఇమ్యూనిటీ పెంచుతామంటూ అమ్మే పొడులు, కషాయాలు ఉన్నాయి. సోరియాసిస్‌లో లోపించింది రోగనిరోధక శక్తి కాదు. అది అవసరం లేని చోట, అవసరానికి మించి పనిచేయడమే అసలు జబ్బు.

ఆ పని ఎలా జరుగుతుందో గత 30, 40 ఏళ్లలో బాగా తెలిసింది. చర్మంలో డెండ్రైటిక్ కణాలని కొన్ని ఉంటాయి. ఏదో ఒక రెచ్చగొట్టే కారణం వల్ల అవి ఇంటర్‌ల్యూకిన్ 23 అనే రసాయన సంకేతాన్ని విడుదల చేస్తాయి. ఆ సంకేతం అందుకున్న ఒక రకం టి కణాలనే రోగనిరోధక కణాలు పెచ్చుమీరి, ఇంటర్‌ల్యూకిన్ 17, ఇంటర్‌ల్యూకిన్ 22 అనే వేరే సంకేతాలను వెదజల్లుతాయి. వాటి ధాటికి చర్మపు పైపొర కణాలు, అంటే కెరటినోసైట్లు, విపరీతమైన వేగంతో విభజన చెందుతాయి. అంతటితో ఆగవు. తామే మరికొన్ని సంకేతాలు పంపి ఇంకా టి కణాలను అక్కడికి రప్పిస్తాయి. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకునే వలయం ఏర్పడుతుంది. రెచ్చగొట్టే కారణాలు పలు రకాలు. పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఒళ్లంతా చిన్న చిన్న చుక్కల్లా సోరియాసిస్ లేవడం వైద్యులకు పరిచితమే. చర్మానికి తగిలిన దెబ్బ ఇంకొక కారణం. పత్తి తీసేటప్పుడు కాయ తొన గీరినా, దేవరగట్టు బన్ని ఉత్సవంలో కర్ర తగిలినా, అప్పటికే సోరియాసిస్ ఉన్న మనిషికి ఆ గాయం జాడలోనే 10, 20 రోజుల్లో కొత్త మచ్చ లేవవచ్చు. జర్మన్ వైద్యుడు హైన్రిచ్ కోబ్నర్ 19వ శతాబ్దంలోనే ఈ సంగతి గమనించాడు.

ఈ వలయాన్ని తెంచే సాధనాల్లో అతినీలలోహిత కాంతి ఒకటి. అతినీలలోహిత కిరణాలను వాటి తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఎ, బి, సి అని మూడుగా విడదీస్తారు. సి కిరణాలను ఓజోన్ పొర ఆపేస్తుంది. నేలను చేరే వాటిలో సుమారు 95 శాతం ఎ రకానివి, మిగిలిన కొద్దిపాటి బి రకానివి. 280 నుంచి 315 నానోమీటర్ల వరకు బి, అక్కడి నుంచి 400 వరకు ఎ. బి కిరణాలు చాలా మట్టుకు చర్మపు పైపొరలోనే ఆగిపోతాయి. ఎ కిరణాలు కింది పొరకు దిగుతాయి. మామూలు కిటికీ అద్దం బి కిరణాలను దాదాపుగా రానివ్వదు కాబట్టి, మూసిన అద్దం వెనక కూర్చుని ఎండ కాచుకుంటే వైద్యం జరగదు.

19వ శతాబ్దపు చివరి నాళ్లలో డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ కార్బన్ దీపపు వెలుగుతో చర్మ క్షయకు చికిత్స చేసి, 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. సోరియాసిస్‌కు తారు పూసి అతినీలలోహిత దీపం కింద ఉంచే పద్ధతిని 1925లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు గోకర్‌మన్ ప్రకటించాడు. ఆ తర్వాతి పెద్ద అడుగులో మన దేశపు జ్ఞానం కూడా కలిసింది. బొల్లికి ఆయుర్వేదం వాడుతూ వచ్చిన బావంచాలలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మంలోకి చేరాక ఎ కిరణాలు సోకితే చర్మం వాటికి ఎన్నో రెట్లు ఎక్కువగా స్పందిస్తుంది. ఈజిప్టులో వేరొక మొక్క నుంచి తీసిన ఇదే కుటుంబపు మందుతో 1940లలో బొల్లికి చికిత్స చేశారు. 1974లో బోస్టన్‌లో పారిష్, ఫిట్జ్‌పాట్రిక్, తదితరులు సోరాలెన్ మాత్రకూ ఎ కిరణాల దీపానికీ జత కలిపి సోరియాసిస్‌ను తగ్గించి చూపారు. ఆ బృందంలో భారతదేశం నుంచి వెళ్లిన శాస్త్రవేత్త మధు పాఠక్ ఒకరు. ఈ పద్ధతికే పువా అని పేరు.

పారిష్, జేనికె కలిసి 1981లో చేసిన పరిశీలన ఇంకా కీలకమైనది. ఏ తరంగదైర్ఘ్యం సోరియాసిస్ మచ్చను తగ్గిస్తుందో వాళ్లు ఒక్కొక్కటిగా పరీక్షించారు. 290 నానోమీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్న కిరణాలు చర్మాన్ని కమిలేలా చేశాయి గాని మచ్చను తగ్గించలేదు. 300 నుంచి 313 నానోమీటర్ల మధ్యవి చర్మం కమలకుండానే పనిచేశాయి. కాంతికి పొలుసులు మాడిపోతాయి కాబట్టి జబ్బు తగ్గుతుందనే మాట నిలవదని దీనితో తేలింది. కమలడం వేరు, నయమవడం వేరు. ఈ ఫలితం ఆధారంగానే దాదాపు 311 నానోమీటర్ల దగ్గర మాత్రమే వెలుగునిచ్చే ట్యూబులైటును ఫిలిప్స్ సంస్థ తయారుచేసింది. 1988లో నెదర్లాండ్స్, స్కాట్లాండ్ వైద్యులు దాని ఫలితాలను ప్రకటించారు. ఇవాళ ఆస్పత్రుల్లో నారోబ్యాండ్ అని పిలిచేది దీన్నే.

ఈ కాంతి రోగనిరోధక కణాలను ఏం చేస్తుందన్నది అసలు విషయం. అన్నిటికన్నా సూటిగా జరిగేది టి కణాల మరణం. న్యూయార్క్‌లోని రాకఫెలర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో, నారోబ్యాండ్ చికిత్స తీసుకుంటున్న వారి మచ్చల నుంచి చిన్న ముక్కలు తీసి పరిశీలించారు. పైపొరలో చేరి ఉన్న టి కణాల్లో అత్యధిక భాగం తమంతట తాము విచ్ఛిన్నమై మాయమయ్యాయి. దీన్ని అపోప్టోసిస్ అంటారు. కణం పగిలి చుట్టుపక్కల వాపు పుట్టించకుండా, లోలోపలే ముక్కలై అణిగిపోయే మరణం అది. అదే కాంతి పడినా చర్మపు కణాలు టి కణాల కన్నా ఎక్కువ తట్టుకుంటాయి. ఈ తేడాయే వైద్యానికి ఆధారం. అయితే చర్మపు కణాలకు అసలేమీ కాదనడం కూడా సరికాదు. మచ్చలో వేగంగా పెరుగుతున్న కెరటినోసైట్లలో కొన్ని ఇదే తీరులో చనిపోతాయని, మచ్చ పలచబడటంలో దానికీ పాత్ర ఉందని ఆ తర్వాతి పరిశోధనలు చూపాయి.

రెండో మార్పు లాంగర్‌హాన్స్ కణాలలో వస్తుంది. పైపొరలో కాపలా ఉండి, కొత్తగా కనబడిన ప్రతిదాని జాడనూ శోషరస గ్రంథులకు చేరవేసే ఈ కణాలు ఊరి తలారి లాంటివి. అతినీలలోహిత కాంతి సోకాక వీటి సంఖ్య పడిపోతుంది. కొన్ని చనిపోతాయి, కొన్ని చర్మాన్ని విడిచి గ్రంథుల్లోకి వెళ్లిపోతాయి. వెళ్లినవి కూడా దాడి చేయమనే కబురుకు బదులు ఊరుకోమనే కబురు చేరవేస్తాయి. 1980లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, బి కిరణాలు సోకిన చోట ఎలర్జీ పుట్టించే రసాయనం రాసినా ఎలర్జీ తలెత్తలేదు. పైగా ఆ తర్వాత ఒంటి మీద వేరే చోట అదే రసాయనం రాసినా స్పందన రాలేదు. శరీరం దాన్ని సహించడం నేర్చుకుందన్నమాట.

కాంతి వచ్చిందని కణానికి తెలిసేది ఎలా? ముఖ్యంగా రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది డిఎన్ఏ. బి కిరణాలు సోకినప్పుడు డిఎన్ఏలో పక్కపక్కన ఉన్న రెండు అంశాలు అతుక్కుపోతాయి. ఆ అతుకును విడదీసే ఎంజైమును ఎలుకల చర్మంలోకి పంపినప్పుడు, కాంతి వల్ల కలగాల్సిన రోగనిరోధక మందగింపు రాలేదని 1992లో మార్గరెట్ క్రిప్కే బృందం చూపింది. అంటే ఆ గాయమే ఇక్కడ సంకేతం. రెండోది యూరోకానిక్ ఆమ్లం. ఇది చర్మపు పైపొట్టులోనే ఉంటుంది. కాంతి పడగానే దాని అణువు ఆకృతి మారుతుంది. మారిన రూపం రోగనిరోధక స్పందనను తగ్గిస్తుందని డిఫాబో, నూనన్ 1983లో ప్రతిపాదించారు. ఈ దారుల చివర ఇంటర్‌ల్యూకిన్ 10, ప్రోస్టాగ్లాండిన్ ఇ2 వంటి శాంతపరిచే సంకేతాలు పెరుగుతాయి. మిగతా టి కణాలను అదుపులో పెట్టే నియంత్రక టి కణాలు ఎక్కువవుతాయి. నారోబ్యాండ్‌తో మచ్చ తగ్గిన రోగుల చర్మంలో ఇంటర్‌ల్యూకిన్ 23, 17 వలయం అణగారినట్లు కూడా పరీక్షల్లో తేలింది. ఇప్పుడు ఖరీదైన సూదిమందులు గురిపెట్టేది సరిగ్గా ఈ వలయాన్నే. కాంతి ఆ పనిని చాలా ముందు నుంచే చేస్తోంది, ఎలా చేస్తోందో ఎవరికీ తెలియని కాలంలో కూడా.

విటమిన్ డి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బి కిరణాలు చర్మంలోని ఒక కొవ్వు పదార్థాన్ని విటమిన్ డిగా మార్చే ప్రక్రియను మొదలుపెడతాయి. నారోబ్యాండ్ చికిత్స తీసుకున్న వారి రక్తంలో ఈ విటమిన్ పెరుగుతుంది. దాని క్రియాశీల రూపం టి కణాలను కొంత నెమ్మదింపజేస్తుంది. సోరియాసిస్‌కు ఇచ్చే కాల్సిపోట్రియాల్ అనే పూతమందు ఆ విటమిన్‌కు దగ్గరి చుట్టమే. అలాగని విటమిన్ మాత్ర మింగితే కాంతి చికిత్సతో సమానమనుకోరాదు. చర్మంలో కాంతి చేసే పనుల్లో ఇది ఒకటి మాత్రమే.

మరి ఒళ్లంతా ఈ కాంతి పెట్టించుకుంటే శరీరం మొత్తానికి రోగనిరోధక శక్తి తగ్గిపోదా? ఈ అనుమానానికి ప్రయోగశాలలో ఆధారం లేకపోలేదు. 1970లలో క్రిప్కే చేసిన ప్రయోగాల్లో, అతినీలలోహిత కాంతి వల్ల ఒక ఎలుకలో పుట్టిన కంతిని మామూలు ఎలుకకు అమర్చితే దాని శరీరం ఆ కంతిని తిప్పికొట్టింది. ముందే కాంతికి గురిచేసిన ఎలుకలో మాత్రం కంతి పెరిగింది. అయితే చికిత్సలో మనిషి చర్మానికి ఇచ్చే మోతాదుల దగ్గర ప్రధానమైన మార్పు చర్మంలోనే జరుగుతుంది. రక్తంలోని కణాల్లో చిన్న మార్పులు కనిపించినా, కాంతి చికిత్స తీసుకున్న వారిలో క్షయ తిరగబెట్టడం గాని, తీవ్రమైన అంటురోగాలు పెరగడం గాని వైద్యానుభవంలో లేదు. పెదవి మీద వచ్చే హెర్పిస్ పొక్కులు మాత్రం కొందరిలో తిరిగి లేస్తాయి. ఇంకొక విశేషం, అతినీలలోహిత కాంతి టి కణాల స్పందనను అణిచే సమయంలోనే, సూక్ష్మజీవులను నేరుగా చంపే చిన్న ప్రోటీన్ల తయారీని చర్మంలో పెంచుతుంది. కాంతి సోకిన చర్మం ఇన్ఫెక్షన్‌కు సులువుగా లొంగకపోవడానికి ఇదొక కారణమని పరిశోధకుల భావన.

కాంతి ప్రభావం ముఖ్యంగా చర్మానికే పరిమితం కావడం మన దేశంలో చాలా విలువైనది. సోరియాసిస్ తీవ్రమైనప్పుడు ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ముఖ్యమైనది. దాని వెనక తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధన నుంచే ఆమినోప్టెరిన్, ఆపైన మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఆమినోప్టెరిన్ సోరియాసిస్‌ను తగ్గిస్తుందని 1951లో గబ్నర్ బృందం గమనించింది. మెథోట్రెక్సేట్ చవకైన మందు, మంచి మందు. కాని రక్తకణాల మీద, కాలేయం మీద దాని ప్రభావాన్ని పరీక్షలతో కనిపెడుతూ ఉండాలి, గర్భవతులకు ఇవ్వకూడదు. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్‌ను అడ్డుకునే సూదిమందులు నిద్రాణంగా ఉన్న క్షయను మేల్కొలపగలవు. అందుకే క్షయ పరీక్ష చేయకుండా వాటిని మొదలుపెట్టరు. నారోబ్యాండ్ కాంతికి ఈ చిక్కు లేదు. గర్భవతులకు కూడా ఇవ్వవచ్చు. ఎక్కువ మోతాదులు ఫోలేట్‌ను తగ్గించే వీలుంది కాబట్టి ఫోలిక్ ఆమ్లం మాత్ర తప్పనిసరిగా వాడమంటారు.

రోగనిరోధక శక్తిని అణిచి, డిఎన్ఏను గాయపరిచే చికిత్స అంటే క్యాన్సర్ ప్రశ్న తప్పదు. పువా విషయంలో ఆ భయం నిజమైంది. అమెరికాలో 1,380 మంది పువా రోగులను 1970ల మధ్య నుంచి దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. వందల సార్లు చికిత్స తీసుకున్న తెల్లజాతి వారిలో స్క్వేమస్ రకం చర్మ క్యాన్సర్ బాగా పెరిగింది. నల్లటి చర్మం ఉన్న వారిలో ఆ స్థాయి ప్రమాదం కనిపించలేదు. నారోబ్యాండ్ తీసుకున్న 3,867 మంది స్కాట్లాండ్ రోగుల వివరాలను 2008లో ప్రకటించినప్పుడు, అలాంటి గట్టి సంబంధమేదీ బయటపడలేదు. అయినా ఎన్నిసార్లు కాంతి పెట్టారన్న లెక్కను రోగి కార్డులో రాసి ఉంచుతారు. పువా ఎక్కువగా తీసుకున్న వారికి ఆ తర్వాత సైక్లోస్పోరిన్ ఇవ్వడానికి వైద్యులు వెనకాడతారు. అది శరీరమంతటా టి కణాలను అణిచే మందు, రెండూ కలిస్తే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

చికిత్స తీరు ఇలా ఉంటుంది. నిలువెత్తు పెట్టెలాంటి గదిలో చుట్టూ ట్యూబులైట్లు. కళ్లకు నల్లటి గాగుల్స్ పెట్టి, మగవారికి జననాంగాలను కప్పి, మచ్చలున్న ఒంటిని కాంతికి ఎదురుగా ఉంచుతారు. మొదట్లో ఒక నిమిషం ఉంటే ఎక్కువ. మన దేశంలో చదరపు సెంటీమీటరుకు 280 మిల్లీజౌళ్ల దరిదాపుల్లో మొదలుపెట్టి, చర్మం తట్టుకునే కొద్దీ విడతకు 10 నుంచి 20 శాతం పెంచుకుంటూ పోవడం వాడుక. వారానికి రెండు మూడు సార్లు చొప్పున 20 నుంచి 36 విడతలు పడతాయి. చర్మం కమిలితే ఆ విడత ఆపి, తగ్గాక మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెడతారు. ల్యూపస్ ఉన్నవారికి, చర్మ క్యాన్సర్ వచ్చినవారికి, ఎండ తగిలితే జబ్బు పెరిగేవారికి ఇది పనికిరాదు. వాడుతున్న ఇతర మందులన్నీ వైద్యుడికి చెప్పాలి. కొన్ని యాంటీబయాటిక్‌లు, కొన్ని బీపీ మాత్రలు చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తాయి.

ఎండ ఉండగా దీపమెందుకన్న ప్రశ్న కర్నూలు జిల్లా పడమటి సీమలో సహజంగానే వస్తుంది. ఆదోని ప్రాంతం 15 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. మే తొలి రోజుల్లో ఒకసారి, ఆగస్టు రెండో వారం ప్రాంతంలో ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. బి కిరణాలకు కొరత లేదు. కాని చేనులో పనిచేసే మనిషికి ఎండ తగిలేది ముఖానికి, ముంజేతులకు. మచ్చలుండే నడుము, మాడు, తొడలు బట్టల కిందే ఉంటాయి. ఎండలో ఉపయోగపడే 311 చుట్టుపక్కల కిరణాలతో పాటు, చర్మాన్ని కమిల్చేవి, ఒంటిని వేడెక్కించేవి కూడా ఉంటాయి. గంటకూ గంటకూ, నెలకూ నెలకూ మోతాదు మారిపోతుంది. కమిలిన చర్మం కూడా గాయమే కాబట్టి, అక్కడే కొత్త మచ్చ లేవవచ్చు. అయినా దీపం అందని చోట్ల సోరాలెన్ మాత్ర ఇచ్చి, రెండు గంటల తర్వాత కొద్ది నిమిషాలు ఎండలో ఉండమనే పద్ధతి మన దేశంలో వాడుకలో ఉంది. దాన్ని పువాసోల్ అంటారు. ఆ మాత్ర వేసుకున్న రోజంతా కళ్లకు తగిన అద్దాలు పెట్టుకోవాలి, గర్భవతులు, చిన్నపిల్లలు వాడకూడదు. బావంచాల నూనెను సొంతంగా పూసుకుని ఎండలో నిలబడితే బొబ్బలెక్కి కాలిపోయే ప్రమాదముంది.

దూరం ఇంకొక ఇబ్బంది. హొళగుంద నుంచి కర్నూలు సర్వజన వైద్యశాల వంద కిలోమీటర్లకు పైమాటే. బళ్లారి దగ్గరే అయినా రాష్ట్రం దాటాలి. రెండు నిమిషాల కాంతి కోసం వారానికి మూడు రోజుల కూలి పోగొట్టుకోవడం ఎవరికైనా కష్టం. సగంలో మానేస్తే, కాంతి పనిచేసేదైనా చికిత్స విఫలమవుతుంది. దీనికి విదేశాల్లో వెతికిన దారి ఇంట్లో పెట్టుకునే యంత్రం. అమెరికాలో 783 మందితో జరిగిన అధ్యయనం ఫలితాలు 2024లో వెలువడ్డాయి. 12 వారాల తర్వాత చర్మం పూర్తిగానో, దాదాపు పూర్తిగానో శుభ్రపడినవారు ఇంట్లో చికిత్స తీసుకున్న వారిలో 32.8 శాతం, ఆస్పత్రికి వెళ్లిన వారిలో 25.6 శాతం. మోతాదును వైద్యుడే నిర్ణయించి, యంత్రం దాన్ని మించకుండా ఆపే ఏర్పాటు ఉంటేనే ఈ పద్ధతి క్షేమం. చేతుల మీదో తల మీదో కొద్ది మచ్చలే ఉంటే చేతిలో పట్టుకునే చిన్న దీపాలు కూడా ఉన్నాయి.

మచ్చ పూర్తిగా మానినా సోరియాసిస్ పోయినట్టు కాదు. మామూలుగా కనిపించే ఆ చర్మంలో కొన్ని జ్ఞాపక టి కణాలు మిగిలిపోతాయి. అవి అక్కడే నివాసముండే రకం, రక్తంలో తిరగవు. కొన్ని నెలల తర్వాత ఒక గొంతు ఇన్ఫెక్షనో, మానసిక ఒత్తిడో, చలికాలమో వాటిని మేల్కొలిపితే మచ్చ తరచుగా పాత చోటే తిరిగి లేస్తుంది. నారోబ్యాండ్ తర్వాత ఈ విరామం కొన్ని నెలలు, పువా తర్వాత సాధారణంగా ఇంకొంచెం ఎక్కువ. జబ్బు తిరగబెట్టినప్పుడు మళ్లీ మొదటి మోతాదు నుంచి కాంతిని ఆరంభిస్తారు. కీళ్ల వాపు కూడా మొదలైన వారికి మాత్రం కాంతి చాలదు. అది చర్మాన్ని దాటి కీళ్లలోని రోగనిరోధక కణాలను చేరలేదు కాబట్టి, వారికి మెథోట్రెక్సేట్ గాని, సూదిమందులు గాని అవసరమవుతాయి.